పావలా నుండి ప్రాణభిక్ష వరకు
'క్వార్టర్' అనే ఒక ఇంగ్లీషు మాట కథ

వేసవి సెలవులలో మా సంఘపు పిల్లలకు సాయంకాలం పూట ఇంగ్లీషు చెప్పడం మాకు కొన్నేళ్ళుగా ఉన్న అలవాటు. ఒకనాటి పాఠంలో పాత యుద్ధాన్ని గురించిన వాక్యం ఒకటి వచ్చింది. గెలిచిన సైనికులు ఓడినవారికి 'క్వార్టర్' ఇవ్వలేదని అందులో ఉంది. దాని అర్థం చెప్పమని పిల్లలను అడిగాము.

ముందు వరుసలోని అమ్మాయి లేచి, "పావలా కూడా ఇవ్వలేదండి" అన్నది. తండ్రి రైల్వేలో పనిచేసే అబ్బాయి, "కాదండీ, ఉండడానికి క్వార్టర్సు ఇవ్వలేదు" అన్నాడు. వెనక బల్ల నుండి ఒక కుర్రవాడు, "క్వార్టర్ సీసా ఇవ్వలేదేమో మాస్టారూ" అన్నాడు. తరగతి అంతా గొల్లుమన్నది. మాకూ నవ్వు వచ్చింది. ఒక్క పిల్లవాడు మాత్రం నవ్వలేదు. తల వంచుకొని పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎందుకో మాకు తెలుసు. వాళ్ళ నాన్న సంగతి మా పేటలో తెలియనివారు లేరు.

ఆ వాక్యానికి అసలు అర్థం, లొంగిపోయినవారిని కూడా ప్రాణాలతో వదలలేదని. పావలా, ఇల్లు, సీసా, ప్రాణభిక్ష! ఒక్క మాటలో ఇన్ని అర్థాలు ఎలా ఇమిడాయి? ఆ రాత్రి ఇంటికి వచ్చి నిఘంటువు తెరిచాము. మొదట భాష మీది ఆసక్తితోనే తెరిచాము గాని, ఆ మాట చివరకు మమ్మల్నే ఒక ప్రశ్న అడిగింది. ఆ కథ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

నాలుగు కాళ్ళలో ఒక కాలు

లాటిన్ భాషలో 'క్వార్టుస్' అంటే నాలుగవది. దాని నుండి పుట్టిన మాట ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి 'క్వార్టర్' అయింది. కాబట్టి మొదటి అర్థం నాలుగవ వంతు, అంటే మన పావు. మన 'పావు' కూడా చిన్న మాట కాదు. సంస్కృతంలోని 'పాదం' నుండి వచ్చింది. పాదం అంటే అడుగు, నాలుగవ వంతు కూడా. పద్యానికి నాలుగు పాదాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు అనడం అందువల్లనే. అచ్చ తెలుగులోనూ అంతే. మూడు పావులను మన పెద్దలు 'ముక్కాలు' అనేవారు. నాలుగు కాళ్ళ పశువును చూసి మనవాళ్ళు లెక్క నేర్చుకున్నారన్నమాట. ఇంగ్లీషువారు కూడా మాంసపు కొట్టులో పశువు వెనుక కాలి భాగాన్ని 'హైండ్ క్వార్టర్' అంటారు. దేశాలు వేరైనా మనుష్యుల ఆలోచన ఒకటే.

గడియారం చూసి వారు 'క్వార్టర్ పాస్ట్ ఫోర్' అంటే మనం 'నాలుగుంపావు' అంటాము. వారు 'క్వార్టర్ టు ఫైవ్' అంటే మనం 'పావు తక్కువ అయిదు' అంటాము. అమెరికాలో డాలరులో నాలుగవ వంతైన 25 సెంట్ల నాణెం పేరే క్వార్టర్. దానిని మొదట 1796లో ముద్రించారు. ద్రవాలు కొలిచే 'క్వార్టు' గ్యాలనులో పావు. పాత తూకాలలో హండ్రెడ్ వెయిట్ అంటే 112 పౌండ్లు గనుక, అందులో క్వార్టర్ 28 పౌండ్లు. పేరులో నూరు ఉన్నా తూకంలో నూటపన్నెండు ఉండడం చూసి తికమకపడకండి!

పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న మరొకటి ఉంది. ఆకాశంలో సగం చంద్రుడు కనబడే రోజును ఇంగ్లీషువారు 'ఫస్ట్ క్వార్టర్' అంటారు. సగం కనబడుతుంటే పావు అనడమేమిటి? వారు లెక్కించేది వెలుగును కాదు, ప్రయాణాన్ని. అమావాస్య నుండి అమావాస్యకు ఇంచుమించు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అందులో నాలుగవ వంతు గడిచిన రోజు అది. మన పంచాంగంలో శుక్ల పక్షపు అష్టమి ఆ దరిదాపుల్లోనే వస్తుంది.

విధవరాలి పావు

ఇక్కడ బైబిలు తెరవాలి. దేవాలయంలో కానుక పెట్టెకు ఎదురుగా యేసు ప్రభువు కూర్చుని చూస్తున్న సంగతి మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఉంది. ధనవంతులు విస్తారంగా వేశారు. ఒక బీద విధవరాలు రెండు చిన్న నాణేలు వేసింది. మన తెలుగు బైబిలు వాటిని 'కాసులు' అన్నది. ఆ రెండూ కలిస్తే ఎంతో మార్కు తన రోమా పాఠకులకు తెలిసేలా చెప్పాడు. గ్రీకులో అతడు వ్రాసిన మాట 'కొద్రాంతేస్'. అది లాటిన్‌లోని 'క్వాద్రాన్స్'కు గ్రీకు రూపం. క్వాద్రాన్స్ అంటే 'ఆస్' అనే రాగి నాణెంలో నాలుగవ వంతు. మన 'క్వార్టర్'కు దగ్గరి చుట్టమే!

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ చోట 'ఫార్దింగ్' అని ఉంది. ఫార్దింగ్ అన్న మాటకు కూడా నాలుగవ వంతనే అర్థం. అది పెన్నీలో పావు. ఇంగ్లండులో ఆ నాణెం చెల్లుబాటు 1960 డిసెంబరు 31తో ముగిసింది.

మరొక ఆశ్చర్యం చూడండి. రోమీయుల దేనారము ఒకటికి పదహారు ఆస్‌లు, ఒక్కొక్క ఆస్‌కు నాలుగు క్వాద్రాన్స్‌లు. అంటే దేనారానికి 64. మన పాత రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పాత పైసలు. రూపాయికి 64! 1957 ఏప్రిల్ 1న నయాపైసల లెక్క వచ్చేదాకా మన తాతలు ఆ లెక్కలోనే బ్రతికారు. ఆ పావు అణానే వారు 'కాణీ' అనేవారు. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానంలో కూలివానికి రోజు కూలి ఒక దేనారము. ఆ విధవరాలు వేసింది ఆ కూలిలో 64వ వంతు. మన అమ్మమ్మల భాషలో చెప్పాలంటే, రూపాయి కూలి రోజుల్లో ఒక కాణీ.

కాని ప్రభువు లెక్క వేరు. అందరికంటె ఎక్కువ వేసింది ఆమెయే అని ఆయన శిష్యులను పిలిచి చెప్పాడు. మిగిలినవారు తమ కలిమిలో కొంత వేశారు, ఆమె తన జీవనమంతా వేసింది. లోకం లెక్కలో పావు, పరలోకపు లెక్కలో పూర్ణం. మన పావలా బిళ్ళ 2011 జూన్ 30 నుండి చెల్లకుండా పోయింది. ఆ విధవరాలి పావు మాత్రం ఇప్పటికీ చెల్లుతూనే ఉన్నది.

దిక్కు, వాడ, ఇల్లు

పావు అనే మాట ఇల్లుగా ఎలా మారింది? మెట్టు మెట్టుగా మారింది. దిక్కులు నాలుగు కాబట్టి ఒక్కొక్క దిక్కు ఒక క్వార్టర్ అయింది. 'అన్ని క్వార్టర్ల నుండి జనం వచ్చారు' అంటే నలుదిక్కుల నుండి వచ్చారని. మార్కు సువార్త మొదటి అధ్యాయం చివర, ప్రజలు ప్రభువు దగ్గరకు అన్ని వైపుల నుండి వచ్చిన సందర్భంలో పాత ఇంగ్లీషు బైబిలు ఈ మాటనే వాడింది.

దిక్కు కాస్తా ఆ దిక్కున ఉన్న వాడకు పేరైంది. యెరూషలేము పాత నగరాన్ని ఈనాటికీ నాలుగు క్వార్టర్లుగా చెబుతారు. క్రైస్తవుల వాడ, ముస్లిముల వాడ, యూదుల వాడ, ఆర్మేనియనుల వాడ. పదహారవ శతాబ్దంలో తుర్కు చక్రవర్తి సులేమాను కట్టించిన గోడల లోపల, ఒక చదరపు కిలోమీటరు కూడా నిండని చోట, ఈ నాలుగూ ఉన్నాయి. తర్వాత నాలుగు అనే లెక్క కూడా పోయి, నగరంలోని ఏ పేటనైనా క్వార్టర్ అనసాగారు. పారిస్‌లోని 'లాటిన్ క్వార్టర్' అలాంటిదే. పూర్వం అక్కడి విద్యార్థులు, పండితులు లాటిన్‌లో మాట్లాడుకొనేవారు గనుక ఆ పేరు వచ్చింది.

వాడ నుండి వసతికి ఒక్క అడుగే దూరం. సైనికులకు చూపించిన బసలను క్వార్టర్స్ అన్నారు. అధిపతి ఉండే చోటు హెడ్ క్వార్టర్స్. ఈ బస పేరున పెద్ద గొడవలే జరిగాయి. అమెరికా వలస రాష్ట్రాలు తమ దగ్గరున్న బ్రిటిషు సైనికులకు వసతి చూపాలని 1765లో పార్లమెంటు చట్టం చేసింది. అది అక్కడివారికి కంటగింపైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1791లో వారు తమ రాజ్యాంగానికి చేసిన మూడవ సవరణ ప్రకారం, శాంతికాలంలో యజమాని ఒప్పుకోకుండా ఏ ఇంట్లోనూ సైనికుణ్ణి దింపకూడదు.

మనకు రైల్వే క్వార్టర్సు, పోలీసు క్వార్టర్సు, సింగరేణి క్వార్టర్సు బాగా తెలుసు. "ఆయనకు క్వార్టర్ వచ్చిందట" అంటే ఆ కుటుంబానికి అద్దె బాధ తీరిందని అర్థం. ఇక్కడ పిల్లలకు ఒక మాట. ఇల్లు అనే అర్థంలో ఇంగ్లీషువారు ఎప్పుడూ బహువచనంలో 'క్వార్టర్స్' అంటారు. ఒక్క ఇంటిని 'క్వార్టర్' అనడం మన దేశపు వాడుక. పరీక్షలో వ్రాసేటప్పుడు చివరి అక్షరం మరచిపోకండి.

'క్లోజ్ క్వార్టర్స్' అనే ప్రయోగం కూడా ఉంది. ఇది ఓడల నుండి వచ్చింది. శత్రువులు ఓడ మీదికి ఎక్కినప్పుడు నావికులు గట్టి చెక్క అడ్డుగోడల వెనుక నిలిచి పోరాడేవారు. ఆ చోటును అలా పిలిచేవారు. ఇప్పుడు ఒకరికొకరు మరీ దగ్గరగా, ఇరుకుగా ఉండడాన్ని అంటారు. రెండు గదుల ఇంట్లో అత్త, కోడలు, నలుగురు పిల్లలు కాపురం చేస్తే అది క్లోజ్ క్వార్టర్సే. పోరాటం అన్న పాత అర్థం కూడా అప్పుడప్పుడూ జ్ఞాపకం వస్తుంది!

ఏడాదిలో నాలుగు గడువులు

ఇంగ్లండులో సంవత్సరానికి నాలుగు 'క్వార్టర్ డేలు' ఉండేవి. నాలుగూ క్రైస్తవ పండుగలే. మార్చి 25న మరియకు దేవదూత శుభవార్త తెలిపిన పండుగ, జూన్ 24న బాప్తిస్మమిచ్చు యోహాను జన్మదినం, సెప్టెంబరు 29న మిఖాయేలు దూత పండుగ, డిసెంబరు 25న క్రిస్మస్. ఇళ్ళకు, పొలాలకు అద్దెలు కట్టవలసినది ఆ రోజులలోనే. నౌకర్లను పనిలో పెట్టుకొనేది కూడా అప్పుడే. ప్రభువు జన్మించిన దినమే అద్దె గడువు కూడా అయితే, చేతిలో డబ్బు లేని పేదవాడికి ఆ పండుగ ఎలా ఉండేదో ఆలోచించండి. సత్రంలో చోటు దొరకక పశువుల తొట్టిలో పండుకొనబెట్టబడిన ఆ శిశువుకు మాత్రం ఆ పేదవాని గుండె తెలుసు.

సంఘాలు కూడా ఈ మూడు నెలల లెక్కను మంచికి వాడుకున్నాయి. జాన్ వెస్లీ మెథడిస్టు సంఘాలలో సభ్యులకు మూడు నెలలకొకసారి కొత్త టికెట్టు ఇచ్చేవారు. ఇచ్చే ముందు వారి నడతను విచారించేవారు. మన సండేస్కూలు పాఠాల త్రైమాసిక పుస్తకాలు కూడా ఈ లెక్కవే.

ఒకే మాట, రెండు చేతులు

ఇప్పుడు మా తరగతిలో వచ్చిన వాక్యానికి వద్దాము. ఈ మాటకు ఒక క్రూరమైన ముఖం ఉంది. పూర్వం ఇంగ్లండులో రాజద్రోహ నేరం మోపబడినవారిని ఉరి తీసి, శరీరాన్ని నాలుగు ముక్కలు చేసేవారు. దానికి పేరు 'క్వార్టరింగ్'. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారు కూడా అందులో ఉన్నారు. కతోలిక గురువు ఎడ్మండ్ క్యాంపియన్‌ను 1581 డిసెంబరు 1న లండనులోని టైబర్న్ దగ్గర అలాగే చంపారు. ఈ శిక్షను చట్టం నుండి తీసివేసింది 1870లో.

అదే మాటకు కనికరపు ముఖం కూడా ఉంది. యుద్ధంలో ఆయుధం కింద పెట్టి శరణన్నవానిని చంపకుండా విడిచి, ఉండడానికి చోటు చూపడాన్ని 'గివ్ క్వార్టర్' అన్నారు. బస ఇవ్వడమే ప్రాణం ఇవ్వడమైంది. 'నో క్వార్టర్' అంటే శరణన్నా చంపుతామని.

1900 జూలై 27న జర్మను చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్, చైనాకు పోతున్న తన సైనికులతో, శత్రువులపై కనికరం చూపవద్దని, ఎవరినీ ఖైదీలుగా పట్టుకోవద్దని బహిరంగంగా చెప్పాడు. ఇంగ్లీషులో ఆ మాటలను 'నో క్వార్టర్' అనే అనువదించారు. లోకం ఉలిక్కిపడింది. 1907 నాటి హేగ్ ఒడంబడిక నియమాలలో 23వది, కనికరం చూపబోమని ప్రకటించడాన్నే నిషేధించింది. 1998లో రోమ్ నగరంలో ఆమోదించిన శాసనం దానిని యుద్ధనేరాల జాబితాలో చేర్చింది. చంపడం మాత్రమే కాదు, కనికరించబోమని నోటితో ప్రకటించడం కూడా నేరమే! లోకపు చట్టానికే ఇంత తెలిసినప్పుడు, సిలువ మీద కూడా పక్కనున్న దొంగకు చోటిచ్చిన ప్రభువును వెంబడించేవారికి ఇంకెంత తెలియాలి?

నవ్వని పిల్లవాడు

మన తెలుగు ఊళ్ళలో 'క్వార్టర్' అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది మాత్రం వెనక బల్ల కుర్రవాడు చెప్పినదే. 750 మిల్లీలీటర్ల నిండు సీసా ముందు 180 మిల్లీలీటర్ల చిన్న సీసా. ఖచ్చితంగా పావు కూడా కాదు, పావుకు కొంచెం తక్కువే. కాని అది మింగేది ఇంటి రాబడిలో పావు భాగం కాదు. బియ్యం డబ్బు, పిల్లల ఫీజు, భార్య చెవికమ్మలు, చివరకు మనిషి ముఖంలోని కళ. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా వ్యాపించిన సారా వ్యతిరేక ఉద్యమంలో చీపుళ్ళు పట్టుకొని వీధికెక్కిన తల్లులు ఈ లెక్క బాగా ఎరిగినవారే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. చట్టం వస్తుంది, పోతుంది. ఇంటి దుఃఖం ఇంట్లోనే ఉంటుంది.

మరునాటి తరగతిలో మేము పిల్లలకు ఈ మాట కథ అంతా చెప్పాము. అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్లవాడు ఒక్కడే ఆగాడు.

"మాస్టారూ, క్వార్టర్ ఇవ్వడమంటే, తప్పు చేసినవాళ్ళను ఊరికే వదిలేయడమా?" అని అడిగాడు.

"కాదు నాయనా. ఆయుధం కింద పెట్టినవాణ్ణి చంపకుండా చేర్చుకోవడం" అన్నాము.

"మరి మా నాన్న రెండు వారాల నుంచి తాగడం లేదు. మొన్న ఆదివారం గుడి దాకా వచ్చి, మెట్ల దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు. ఎవ్వరూ రమ్మనలేదట."

మేము జవాబు చెప్పలేకపోయాము. ఆ ఆదివారం మెట్ల దగ్గర ఆయనను చూసినవారిలో మేమూ ఉన్నాము. వందనం చెప్పలేదు. పాటల పుస్తకం తెరిచి చదువుకుంటున్నట్టు నిలబడ్డాము. నోటితో ప్రకటించలేదు గాని, 'నో క్వార్టర్' అన్నది మేమే.

ఆ సాయంకాలమే వారింటికి వెళ్ళాము. మాట్లాడింది తక్కువ. ఆయన భార్య టీ ఇచ్చింది. వచ్చే ఆదివారం కలిసి వెళ్దామని చెప్పి, చెప్పినట్టే వెళ్ళి తీసుకొచ్చాము. ఆయన చివరి వరుసలో కూర్చున్నాడు. మేమూ ఆ వరుసలోనే కూర్చున్నాము. ఆ తర్వాత మధ్యలో ఒకసారి తప్పిపోయాడు, మళ్ళీ వచ్చాడు. కథ ముగిసిందని చెప్పము. పోరాటం సాగుతూనే ఉన్నది.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. శరణన్నవానికి చోటివ్వడం వేరు, సీసా పట్టుకొని కొట్టడానికి వచ్చేవానికి లొంగిపోవడం వేరు. కనికరం పేరున ఏ సహోదరినీ దెబ్బలు ఓర్చుకోమని మేము చెప్పడం లేదు. ఆమెకు, పిల్లలకు భద్రమైన చోటు చూపించడమే ముందు చేయవలసిన పని. వారికి ఇవ్వవలసిన క్వార్టర్ అది. కాని సీసా వదిలిపెట్టి ఉత్త చేతులతో గుమ్మంలో నిలిచినవాడు కనబడితే, అతని పాత లెక్కలు తీయవద్దు.

ఇరుకు ఇళ్ళలో కలిసి బ్రతికే మనకందరికీ ఇదే మాట. భార్యాభర్తలు, అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు గోడకు గోడ ఆనించుకొని కాపురం చేస్తున్నాము. తప్పు ఒప్పుకొని తల వంచినవారిని ఇంకొక మాట అనకుండా ఉండగలమా? క్షమించమని నోరు తెరిచి అడగలేక, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఎదుట పెట్టినవారి మనసు తెలుసుకోగలమా? క్వార్టర్సులో కాపురముండడం సులభమే. ఒకరికొకరం క్వార్టర్ ఇచ్చుకోవడమే కష్టం.

మన దగ్గర ఉన్నది పావు వంతు ప్రేమే కావచ్చు. ఆ విధవరాలి చేతిలో ఉన్నదీ పావే. ఉన్నదంతా వేసింది గనుకనే ప్రభువు దానిని గొప్పదిగా ఎంచాడు. ఈ రాత్రి మన ఇంటి గుమ్మం దగ్గర ఎవరైనా తల వంచుకొని నిలబడి ఉన్నారేమో, ఒకసారి తలుపు తెరిచి చూద్దామా?